ఘీతా టీచరు గోడ బీట

ఫెజ్ నగరంలోని పాత ఊళ్లో మా బడి వెనక సందులోనే ఘీతా టీచరు ఇల్లు. మొగుడు పోయి ఆరేళ్లయినా అత్తగారు లల్లా మెన్నానాని వదిలి ఎక్కడికీ వెళ్లలేదు. పై అంతస్తులో తోలు చెప్పులు కుట్టే అల్లాల్, భార్య, ముగ్గురు పిల్లలు అద్దెకుండేవారు. ఘీతా లెక్కలు చెప్పేది, నేను పక్క గదిలో సైన్సు.

ఆ ఇంటి పడమటి గోడకి నిలువునా ఓ బీట ఉండేది. ఘీతా దానికి అటూ ఇటూ మేకులు కొట్టి, ప్రతి నెలా ఒకటో తారీకున బీట ఎన్ని మిల్లీమీటర్లు తెరుచుకుందో కొలిచి డైరీలో ఆ నెల పేజీలో రాసుకునేది. చలికాలం వానలకి అది తెరుచుకునేది, ఎండలు ముదిరితే దగ్గరపడేది. మూడేళ్లుగా అంతే.

"నేను ఈ ఇంటికి కాపురానికొచ్చేసరికే ఉందా బీట. దానికి నీ కొలతలెందుకే?" అని ముసలావిడ ఎగతాళి చేసేది.

జూన్ మొదట్లో టీ తాగుతూ ఘీతా నాతో అంది: "ఫిబ్రవరిలో తొమ్మిది ఉండేది, ఇప్పుడు ఏడే. ఫరవాలేదు."

మర్నాడు సుద్దముక్కల కోసం ఆమె క్లాసుకి వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను. పుస్తకంలో లెక్కలు అయిపోయాయని డైరీ తీసి, ఆ అంకెల్నే బోర్డు మీద పట్టికగా వేస్తోంది. పైన నెలలు, డిసెంబరు నుంచి జూన్ దాకా. కింద ఐదు, ఏడు, తొమ్మిది, ఆరు, నాలుగు, ఐదు, ఏడు.

"ఈ ప్రమేయం ఎక్కడెక్కడ పెరుగుతోంది?"

"ఫిబ్రవరిలో టీచర్! అన్నిటికన్నా అక్కడే ఎక్కువ," అని ముందు బెంచీలోంచి ఎవరో అరిచారు.

"ఎక్కువుండటం వేరు, పెరగటం వేరు. ఎడమ నుంచి కుడికి రండి. తర్వాతి అంకె పెద్దదైతే పెరుగుతున్నట్టు, చిన్నదైతే తగ్గుతున్నట్టు. నౌహైలా, నువ్వు చెప్పు."

వెనక బెంచీ పిల్ల బద్ధకంగా లేచింది. "డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా పెరిగింది. అక్కణ్ణుంచి ఏప్రిల్ దాకా తగ్గింది. ఏప్రిల్ నుంచి మళ్లీ పెరుగుతోంది. మొదట ఒకటి, తర్వాత రెండు. జోరుగానే పెరుగుతోంది టీచర్. ఇంతకీ ఏంటిది?"

ఘీతా బోర్డు మీద చివరి మూడు అంకెల్నీ చూస్తూ ఉండిపోయింది.

"ఏప్రిల్ తర్వాత వానే లేదు కదే," అంది నావైపు తిరిగి. సుద్ద బల్లమీద పడేసి పరిగెత్తింది.

గంట కొట్టగానే నేనూ వెళ్లాను. ముసలావిడ పళ్లెంలో కుస్కుస్ చెయ్యడానికి తడిపిన గోధుమ పిండిని నలుపుతూ కదలనంటోంది. "పిండి తడిమీదుంది. ఎండిపోతే ఎవరు తింటారు?"

"అత్తయ్యా, దండం పెడతాను, లే!"

పైనుంచి అల్లాల్ నవ్వుతూ తొంగిచూశాడు. "ఏంటి టీచరమ్మా, లెక్క తప్పిందా?"

"తప్పింది అన్నా. నేనే తప్పాను. పిల్లల్ని దింపు."

ఆ గొంతు విని అతని నవ్వు ఆగిపోయింది.

గోడ మొదట్లో మట్టిని వేలితో గీరి చూశాను. జూన్ ఎండలో కూడా చల్లగా, మెత్తగా ఉంది. పునాది కిందనే పక్కింటి నీళ్ల గొట్టం పగిలిందని మర్నాడు మునిసిపాలిటీవాళ్లు తేల్చారు. గోడకి దుంగలు ఊతంగా పెట్టి, తలుపుకి సీలు వేశారు. ముసలావిడతో సహా అందరూ అప్పటికే మా ఇంట్లో తలదాచుకున్నారు.

శుక్రవారం మధ్యాహ్నం మేం భోంచేస్తుండగా ఫిరంగి పేలినట్టు చప్పుడైంది. వెళ్లేసరికి సందంతా దుమ్ము. గోడతోపాటు పై అంతస్తు కూలింది. అల్లాల్ కుట్టుపని చేసుకునే మూల, పిల్లలు పడుకునే గది, రెండూ లేవు. అతను తల పట్టుకుని రాళ్లమీదే కూలబడ్డాడు. లల్లా మెన్నానా నోరు తెరిచి చూస్తోంది, ఏడుపు కూడా రావడంలేదు.

అందరూ ఘీతాని పొగిడారు. ఆమె చెవికి ఎక్కలేదు.

"అంకెలన్నీ నా చేత్తో రాసినవే," అంది నాతో. "ఎంతసేపూ ఫిబ్రవరితో పోల్చుకుని ధైర్యం చెప్పుకున్నాను. ముందు నెల పేజీ తిరగేస్తే తెలిసిపోయేది. రోజూ పిల్లలకి చెప్పేదే!"

ఆ సాయంత్రం ఇద్దరం నౌహైలా ఇంటికి వెళ్లాం. అసలు సంగతి వినగానే పిల్ల బిక్కచచ్చిపోయింది.

"నేను ఊరికే చెప్పాను టీచర్! అసలు వింటున్నదాన్ని కూడా కాదు!"

చెప్పకపోయుంటే ఏమయ్యేదోనని బెంగపెట్టుకుంది. రెండురోజులు జ్వరం. ఘీతా ఆ రెండురోజులూ ఆమె పక్కనే కూర్చుంది.

వేసవి సెలవుల తర్వాత అత్తాకోడళ్లు ఫెజ్ కొత్త ఊళ్లో చిన్న ఫ్లాటుకి మారారు. అల్లాల్ తోళ్ల బజారులో చుట్టాల కొట్లో పని పట్టుకున్నాడు. ఘీతా మళ్లీ బడికొచ్చింది. మొదటి రోజు బోర్డు దగ్గర చాలాసేపు అలాగే నిలబడింది. పిల్లలు గోలచేస్తున్నారు, ఆమె సుద్ద పట్టుకుని ఒక్క అంకె కూడా వెయ్యలేకపోయింది. నేనే లోపలికెళ్లి ఆమెకి కుర్చీ వేశాను.