కొండ నుంచి వచ్చిన సముద్రపు చేపలు

మా చిన్నాన్న పోయి మొన్నటికి నెల. బంటింగ్‌లోని ఇంట్లో, పొద్దుటి కాఫీ చల్లారకముందే వెళ్లిపోయారని తమ్ముడు, అంటే ఆయన కొడుకు, ఫోన్ చేసినప్పుడు నేను దీపం వెలిగిస్తున్నాను. వత్తి ఎగదోసి, దండం పెట్టుకుని, అప్పుడు ఏడ్చాను.

ఆయన సుంగై సుమున్ తోటల్లో పామాయిల్ గెలలు కోసి, తర్వాత ఫ్యాక్టరీ లారీ నడిపి బతికారు. సెలవు దొరికితే మాత్రం కెలా అనే ఏటి చేప కోసం పెరాక్ కొండల్లోని సెలయేళ్లకు పోయేవారు. ఎర గుచ్చేవారు కాదు. కోడి ఈకలు గాలానికి దారంతో చుట్టి, పురుగులా చేసి, నీటి మీదికి విసిరేవారు. కళ్లు మసకబారాక ఆ ఈకలు కట్టే పని నాకు అప్పగించారు. గాలం మొన దగ్గర ఎదురుగా ఉండే చిన్న ముల్లును పటకారుతో నొక్కి చదును చేస్తేనే ఒప్పుకునేవారు. చేప నోరు చీరకూడదు. పట్టిన ప్రతి కెలానూ తిరిగి వదిలేసేవారు మరి.

పట్టి వదలడం మాత్రం పాపం కాదా అని ఒకసారి అడిగాను.

"పాపమేనమ్మీ," అన్నారు. "అందుకే సేతిలో ఎక్కువసేపు ఉంచుకోకూడదు."

ఖాళీ చేతులతో వస్తే ఇంట్లో ఊరుకోరని, దారిలో బజారు దగ్గర ఆగి కెంబుంగ్ చేపలు కొనుక్కొచ్చేవారు. అవి సముద్రపు చేపలు. పిన్ని వాటిని కడుగుతూ, కొండ మీద సముద్రం ఎప్పుడు పుట్టిందని అడిగేది. ఆయన వినపడనట్టు బూట్లు తోముకునేవారు. పిల్లలు మాత్రం అవి ఏటిలో పట్టినవే అనుకుని తిని పెరిగారు.

అదే పెద్దదినం దగ్గర చిక్కు తెచ్చింది. పోయినవారికి ఇష్టమైనవి వండి ఆకులో వడ్డించడం మా రివాజు. తమ్ముడు ఎక్కడెక్కడో వాకబు చేసి ఒక పెద్ద కెలా కావాలని చెప్పేశాడు.

"నాన్నకి కెలా అంటే పేణం కదా లా, అక్కా."

"పేణమే. అందుకే ఒక్కటీ తిననేదు. ఆకులో పెట్టనివ్వను," అన్నాను.

నేను గొంతెత్తే మనిషిని కాను. అప్పుడూ ఎత్తలేదు. దినం ముందు పేచీ ఏమిటని పెద్దలు మందలించారు. మరి ఇన్నేళ్లూ మేం తిన్నదేమిటని తమ్ముడు నిలదీశాడు. నేను వంటగది గుమ్మంలో నిలబడ్డదాన్ని పక్కకు జరగలేదు. చివరికి పిన్ని నోరు విప్పింది.

"మీరు తిన్నది బజారు కెంబుంగే బాబూ. అబద్ధం మీ నాన్నది, కూర నాది. ఫోన్ సేసి ఆ సేప వద్దని సెప్పు."

తమ్ముడు ఫోన్ చేశాడు.

ఆకులో వేయించిన కెంబుంగ్ పెట్టాం. నేను కట్టిన చివరి ఈకను పిన్ని దాని పక్కన ఉంచింది.

ఒకే ఒక్కసారి ఆయన వెంట ఆ ఏటికి వెళ్లాను. మోకాలి లోతు చల్లటి నీటిలో వంగి, కెలా తల వాలుకు ఎదురుగా ఉంచి, దానికి ఊపిరి అందేదాకా రెండు అరచేతుల మధ్య పట్టుకున్నారు. తర్వాత చేతులు తెరిచారు. పోవచ్చని దానికి తెలియలేదో ఏమో, తెరిచిన ఆ చేతుల మధ్యే చేప కాసేపు ఆగింది.