ఉత్త పిడికిలి

నా చిన్నప్పుడు నా అంత పిరికిది మా ఊళ్ల ఇంకొకతి లేకుండె. గాలికి తలుపు కొట్టుకున్నా ఉరికిపోయి మా నాయనమ్మ కొంగు పట్టుకునేదాన్ని. మాది పెన్‌పహాడ్ దిక్కు ఒక చిన్న ఊరు, గొర్లు మేపుకునే ఇల్లు. నైజాం ఏలుబడి ఆఖరి రోజులవి. ఆ రోజులల్ల భయపడనోళ్లు ఎవరున్నరు గాని, నా భయం మాత్రం మొఖం మీదికొచ్చి కూసునేది. ఈ పిల్లకు ఏదన్నా చెప్తె చాటింపు వేసినట్టే అని నాయనమ్మ విసుక్కునేది.

మా చిన్నాయన, అంటే మా నాయన తమ్ముడు, పిల్లలతోని పిల్లోడు. మేమప్పుడు ఒక ఆట ఆడేటోళ్లం. నేల మీద అడ్డగీతలు గీస్తె గీతకొకరు కావలి నిలబడతరు. వాళ్లకు దొరకకుండ ఆ కొస దాక పోయి, గుప్పెడు మట్టి తీసుకొని మళ్ల ఈ కొసకు రావాలె. ఆ మట్టిని ఉప్పు అనేటోళ్లం. మేం ఒక్కరినే ఉప్పుకు పంపి, మిగతోళ్లం గట్టున నిలబడి చప్పట్లు కొడుతుంటిమి. చిన్నాయన చూసి నవ్విండు. ఒక్కరు కాదు, ఇద్దరు ఉరకాలె అన్నడు. ఇద్దరు ఒక్కతీరుగనే వంగాలె, ఇద్దరు పిడికిలి బిగించాలె, ఒకరు ఇటు, ఒకరు అటు చీలాలె. ఉప్పు ఎవరి పిడికిట్ల ఉందో తెల్వక కావలోడు జరసేపు ఆగుతడు, గా జరసేపే మనకు కావాలె. ఒక్కోసారి ఇద్దరు ఒకే దిక్కు పోవాలె. ముందటోళ్లు కావలోన్ని తమ దిక్కు గుంజుకుంటె, వెనకటోళ్లు సందుల నుంచి జారుకోవాలె.

ఈ ఆటల పక్కింటి అక్క, నేను జోడి. అక్క నాకంటె కొన్నేండ్లు పెద్దది, వాళ్లది గూడ గొర్ల మందనే. ఉప్పు ఎప్పుడూ నా చేతికే ఇచ్చి, ఉత్త పిడికిలితోని తను ఉరికేది. చిన్నాయన నాకేం చెప్పకపోయేది, అక్కకే గట్టిగ చెప్పేటోడు. ఉప్పున్నోళ్లు ఎట్లయిన ఉరుకుతరు బిడ్డా, ఉత్త చెయ్యి వాళ్లు ఇంకా గట్టిగ ఉరకాలె అనేటోడు.

ఆ ఎండాకాలం చిన్నాయన ఇల్లు విడిచి పోయిండు. నైజాం మీద కొట్లాడేటోళ్లల్ల కలిసిండని అందరికి ఎరుకే గాని, ఇంట్ల ఎవరం నోరు తెరిచి అనలేదు. కొన్నాళ్లకు కబురొచ్చింది. తొడల తుపాకి గుండు తగిలి, మందల కాడ దాచుకున్నరట. పుండు చీము పట్టింది, ఒళ్లు కాలిపోతున్నది, మందు పడకుంటె మనిషి దక్కడు. నాయనమ్మ ఏడ్వలేదు. అంగడికి పోయినట్టు సూర్యాపేట పోయి, ఎరుకున్న కాంపౌండరును బతిమిలాడి, పుండు మీద చల్లే పొడి, జ్వరం గోలీలు తెచ్చింది. తెచ్చుడు తెచ్చింది గాని, దాన్ని ఊరు దాటించుడే పెద్ద గండం.

ఊరి బయట నైజాం తుపాకులోళ్లు మకాం పెట్టిండ్రు. మందల కాడికి పోయే ప్రతి సద్దిమూట విప్పి చూసేటోళ్లు. ఏ మంద కాడ ఎందరు కాపర్లో వాళ్లకు ఎరుకనే. మనుషులకు మించి ఒక్క జొన్నరొట్టె ఎక్కువున్నా, ఇది ఎవరి నోటికని అడిగేటోళ్లు. జవాబు సరిగ లేకుంటె మంద కాడి గుడిసెకు అగ్గి పెట్టేటోళ్లు. అందుకే మా ఆడోళ్లు రెండు రొట్టెల పిండి కలిపి ఒక్క మందపు రొట్టె కొట్టుడు నేర్చుకున్నరు. మనిషిని దాచినోళ్ల ఇంట్ల రొట్టె ఎప్పుడూ మందంగనే ఉండేది.

మా మంద వాగు దిక్కు, అక్కోళ్ల మంద గుట్ట దిక్కు, రోజూ సద్దులు మోసేది మేమిద్దరమే. మకాం దాటంగనే తొవ్వ రెండుగ చీలుతది. ఆ పొద్దు నాయనమ్మ మా ఇద్దరి సద్దులు తనే కట్టి, నన్ను పక్కకు పిలిచింది. "చిన్నాయన గుట్ట కాడ ఉన్నడు, మందు అక్క మూటల ఉన్నది. నీ దాంట్ల ఉత్త రొట్టెలే. నువ్వు అక్క వెనక నడుసుడే" అన్నది. నాకు పోయిన పానం లేచొచ్చింది. అక్క మొఖం చూసిన. ఆ వచ్చిన పానం మళ్ల పోయింది.

మకాం కాడ ఇద్దరున్నరు. ఒకడు మంచం మీద తుపాకి పక్కన పెట్టుకొని కూసున్నడు, ఇంకొకడు కట్టె పట్టుకొని తొవ్వకు అడ్డం నిలబడ్డడు. అక్క ముందట, నేను వెనక. కట్టెవాడు మూటకు చెయ్యి చాపిండు. అక్క మూటను ఎదకు హత్తుకొని రెండడుగులు వెనకకు జరిగింది. చూస్తుండంగనే పక్కకు దూకి, గుట్ట తొవ్వ పట్టి ఉరికింది.

కట్టెవాడు వెంటబడ్డడు. మంచం మీదోడు తుపాకి అందుకున్నడు. నాకు కాళ్లెంబడి ఉచ్చ కారింది. అక్క చచ్చిపోతది, మందు దొరికిపోతది, చిన్నాయన దక్కడు. ఇవి మూడే నా నెత్తిల తిరుగుతున్నయి. అక్కా అక్కా అని బొంగురుపోయేదాక ఏడ్చిన. తుపాకివాడు నా దిక్కు చూసి, ముక్కు మూసుకొని, ఇంటికి పొమ్మన్నట్టు చెయ్యి ఊపి, తను గూడ గుట్ట దిక్కే పోయిండు. నా మూట ముట్టనన్న ముట్టలేదు.

నేను ఇంటికి పోలేదు. కావలోడు మొఖం తిప్పితె ఉరుకుడే కాళ్లకు అలవాటు. వాగు తొవ్వ పట్టి ఎట్ల ఉరికిన్నో నాకే తెల్వదు.

మంద కాడ మా నాయన నన్ను చూడంగనే ఎదురొచ్చిండు. నా నెత్తి మీది మూట గబగబ విప్పి, పైనున్న మందపు రొట్టెను నడుమకు చీల్చిండు. రెండు పొరల నడుమ మందు పొట్లాలున్నయి. కంచె వెనక గొంగడి తీస్తె, ఎముకలు తేలిన చిన్నాయన. గప్పుడు ఎరుకైంది నాకు, ఉప్పు నా నెత్తి మీదనే ఉండెనని. నాయన తన గొంగడి తెచ్చి నాకు కప్పిండు.

అక్కకు అంతా ముందే చెప్పిందట నాయనమ్మ. అక్క మూటల ఉత్త రొట్టెలే దొరికినయి, అవి గూడ లెక్కకు సరిపోయినయి. మరెందుకు ఉరికినవే అంటె, కట్టె చూసి భయమైందని చెప్పిందట. అయినా వీపు వాచేదాక కొట్టిండ్రు. చిన్నాయన మాత్రం కుంటుకుంట చాన్నాళ్లు బతికిండు. మందు తెచ్చిన పిల్లనని మా ఇంట్ల, ఊళ్ల నన్నే మెచ్చుకున్నరు. అక్క ముచ్చట ఎవరూ ఎత్తలేదు. నాకిప్పటికీ ఆ కోపం ఉన్నది.

అక్కను మిర్యాలగూడకు ఇచ్చిండ్రు. ఏండ్ల తర్వాత నేను పోయినప్పుడు ఇద్దరం బజారుకు పోయినం. ఎవరన్నా వెనకొస్తె చాలు, అక్క గోడకు ఆనుకొని, వాళ్లను ముందుకు పోనిచ్చి, గప్పుడు నడిచేది. చిన్న పిల్లలొచ్చినా గంతే. ఇదేం అలవాటే అక్కా అని నవ్విన. తను నవ్వలేదు. "ఆనాడు ఉరుకుతుంటె వెనక అడుగుల సప్పుడు ఇనొచ్చింది. గా సప్పుడు ఇంకా ఆగలేదే" అన్నది. మందు మోసింది నేను, భయం మోసింది అక్క. నా మోత ఆ పొద్దుకే దిగిపోయింది.

ఆ దినం నుంచి నేను అక్క పక్కనే నడిచిన, తన కంటికి కనబడేటట్టు. ఇప్పుడు అక్క లేదు. అయినా బజార్ల ఏ ఆడమనిషన్నా ఒంటరిగ నా ముందట పోతుంటె, నేను మెల్లగ దగ్గుత, లేకుంటె పక్కకు జరిగి ముందుకు పోత. ఎవరి వెనకా నడవను.