గంపలో పుంజు

మా ఊరి వ్యాను డ్రైవరు మాట నేనిప్పటికీ మరిచిపోలేదు. ఏ పనికైనా ముందుకొచ్చి, "నువ్వు కూసో అక్కా, నేను చూసుకుంట" అనేవాడు.

నా స్నేహితురాలు ఇల్లు మారుతుంటే గార్ల నుంచి భూపాలపల్లికి ఆయన వ్యానులోనే వెళ్ళాం. ఆమె ఒంటరి మనిషి. కోడిపిల్లగా ఉన్నప్పటి నుంచి పెంచుకున్న పుంజును గంపలో పెట్టి తెచ్చుకుంది. దారిలో బండి ఆపి దానికి నీళ్ళు తాగించింది ఆయనే. "పాపం, దూపైతది గద అక్కా" అన్నాడు.

కొత్త ఇంటికి చేరాక ఆమె పాలు పొంగించడానికి లోపలికి వెళ్ళింది. నేను దించిన సామాను లెక్క చూసుకుంటున్నాను. అన్నీ సరిపోయాయి. గంప మాత్రం ఖాళీగా ఉంది. తల తిప్పి చూస్తే గడప ముందు నెత్తురు.

కొత్త ఇంటి గడప ముందు కోడిని కోయడం మా దిక్కు ఆనవాయితీ. పుంజును అందుకే తెచ్చామనుకున్నాడు డ్రైవరు.

అంతలో ఆమె గుప్పిట్లో నూకలతో బయటికొచ్చింది.

"నా పుంజేది?"

ఆయన కత్తి కడుగుతూ నవ్వాడు. "పరేషాన్ గాకు అక్కా, నేను చూసుకున్న."

అప్పుడు ఆమె గుప్పిట్లోని నూకలు చూశాడు. కత్తి మీద నీళ్ళు పోస్తున్న చెయ్యి ఆగిపోయింది.