మల్లెతోటకు తడి పెట్టకూడని మాఘం

నిన్న పొద్దున బుద్వేల్‌లోని మా ఫ్లాటుకు మరిది వచ్చాడు. నేను టీ తెచ్చేలోపే బాల్కనీలో తొట్టిలోని మల్లెచెట్టుకు చెంబుల కొద్దీ నీళ్లు పోసి, చెట్టు ఎండిపోతుంటే జర చూసుకోవద్దా వదినా అని నాకే సుద్దులు చెప్పాడు. పనిగట్టుకుని నేను ఎండగడుతున్న చెట్టది. అవునయ్యా, చూసుకోవాల్సింది అని కప్పు చేతికిచ్చాను.

పూలతోట చేసిన నా ఈడువాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. మాఘం రాగానే మల్లెలకు నీళ్లు బంద్ పెట్టి, ఆకు వాడాక దూసేసి, కొమ్మలు కత్తిరించి, మొదళ్లు తవ్వి పెంట ఎరువు వేసి, అప్పుడుగానీ తడి పెట్టకూడదు. అలా మాడ్చితేనే ఎండాకాలం మొగ్గ విరగబడి వస్తుంది, ముందే నీళ్లు తగిలితే ఒట్టి ఆకే. శంషాబాద్ దగ్గరి మా తోటలో ఈ పనంతా మా అత్తదే, కత్తెర నా చేతికి కూడా ఇచ్చేది కాదు మహాతల్లి.

విమానాశ్రయం తెరిచిన కొన్నేళ్లకు చుట్టుపక్కల పొలాలు ప్లాట్లవుతుంటే మా ఆయనకూ మనసు లాగింది. ఈ ఏడు పూలు బాగా వస్తే తోట ఉంచుదాం, లేకుంటే అమ్మేద్దామని తల్లికి తెగేసి చెప్పాడు. ఆ తోటే ఆమెకు లోకం. సరిగ్గా నీళ్లు బంద్ పెట్టిన రోజుల్లోనే గట్టు మీద జారి కాలు విరగ్గొట్టుకుంటే, నేను ఆమె వెంట దవాఖానలో ఉండిపోయాను. తోట మరిదికి అప్పజెప్పాం, ఆ కంగారులో నీళ్లు పెట్టొద్దని చెప్పడమే మరిచాం.

పాపం, హాస్టళ్లలో పెరిగినవాడు, అప్పుడే విమానాశ్రయం ముందరి అలంకారపు తోటల్లో పనికి కుదిరాడు, అక్కడ ఒక్క ఆకు వాడనివ్వరు. అమ్మ మంచాన పడ్డందుకే చెట్లు ఎండుతున్నాయనుకుని, డ్యూటీ దిగి వచ్చి రోజూ మోటారు వేశాడు.

మేం తిరిగొచ్చేసరికి తోటంతా లేతాకు. మరిది మురిసిపోతూ ఎదురొచ్చాడు. అత్త తోటను చూసింది, కొడుకు ముఖం చూసింది, దగ్గరికి పిలిచి తల నిమిరింది.

“మంచిగ చూసుకున్నవ్ బిడ్డా.”

అతను అటు వెళ్లగానే నా చేయి పట్టుకుంది.

“వానికి చెప్పకు. పానం పెట్టి పోసిండు.”

తర్వాత కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మళ్లీ ఎండగట్టే అదను దాటిపోయింది. ఆ ఎండాకాలం గంపెడు పూలు రాలేదు. తోటకు తెగులు తగిలిందని అందరికీ తనే చెప్పి, అమ్మకం కాగితాల మీద వేలిముద్ర వేసింది. మరి ఎక్కువ కాలం బతకలేదు.

అప్పట్లో సాయంత్రం బస్సులో వస్తుంటే మల్లెల వాసనకే మా ఊరొచ్చిందని తెలిసేది. ఇప్పుడక్కడ అపార్టుమెంట్లు, వాటి ముందు ఏ కాలమైనా పచ్చగా ఉండే గడ్డి. కండక్టరు పిలిస్తే తప్ప ఎక్కడ దిగాలో నాకే తెలియడం లేదు.

ఇందాక మరిది ఫోన్ చేసి చెట్టు తేరుకుందా అని అడిగాడు. నీ చేతి నీళ్లు తగిలాయి కదయ్యా, పచ్చగా ఉందని చెప్పాను. ఈ ఏడూ మాకు పూలు లేవు.