మునిగినవాడు మాట్లాడిన సినిమా

మొన్న ఆదివారం భోజనాలయ్యాక టీవీలో ఏదో పాత సినిమా వస్తోంది. నేను కళ్ళజోడు వెతుక్కునేలోపే మా మనవడు పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. ఎందుకురా అంటే, చూడు నానమ్మా, గుండెల్లో కత్తి దిగిన మనిషి చెల్లెలి పెళ్ళి సంగతీ, అమ్మ మందుల సంగతీ, పొలం సంగతీ వరసగా అప్పజెబుతున్నాడు, అందరి తలలూ నిమురుతున్నాడు, తన తల మాత్రం ఇంకా వాల్చడు, ఈపాటికి ఆస్పత్రికి తీసుకెళ్తే బతికేవాడు కదా, అన్నాడు. వాడన్నదాంట్లో తప్పేమీ లేదు. యాభై ఏళ్ళ కిందట వాళ్ళ తాతగారు అచ్చం ఇదే మాట అంటే నేను మూతి ముడుచుకుని పడుకున్నాను.

నా ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, అప్పట్లో మనకి సినిమా అంటే ఏడుపే. నేను పెళ్ళయి కృష్ణా జిల్లా నుంచి విశాఖపట్నం పోర్టు క్వార్టర్స్‌కి కాపరానికి వచ్చిన కొత్తలో ఆ ఊరు నాకు బొత్తిగా అంతుపట్టలేదు. ఆరేసిన తెల్లచీర మీద సాయంత్రానికి రేవులో ఓడలకెత్తే ఇనుపరాయి దుమ్ము ఎర్రగా పేరుకునేది, వీధిలో మాట్లాడే తెలుగు నాకు సగమే అర్థమయ్యేది, మావారు డాక్‌లో క్రేను మీద డ్యూటీకి వెళ్ళిపోతే ఇంట్లో మిగిలేది నేనూ మా అత్తగారూ. ఆవిడకి నా మీద ఉన్న ప్రేమంతా మ్యాట్నీకి వెంట తీసుకెళ్ళడంలో కనబడేది. పైట చెంగు తడవకపోతే ఆవిడ లెక్కలో అది సినిమా కాదు, డబ్బు దండగ.

అలా వన్‌టౌన్‌లో ఒక పడవవాడి సినిమా వచ్చింది. పేరు ఇప్పుడు జ్ఞాపకం లేదు. అందులో హీరో ఎవరినో కాపాడబోయి సముద్రంలో మునిగిపోతాడు, అలలు తెచ్చి ఒడ్డున పడేస్తాయి, పెళ్ళాం పరుగున వచ్చి తల ఒళ్ళోకి తీసుకుంటే కళ్ళు తెరిచి, ఆవిడ చెయ్యి పట్టుకుని, మనసులో ఉన్నదంతా చెప్పి, అప్పుడు ప్రాణం వదులుతాడు. క్వార్టర్స్‌లో ఆడవాళ్ళందరం చూసి కళ్ళు వాచిపోయేలా ఏడ్చాం. ఆ సాయంత్రం అన్నాలు తింటూ ఆ కథ చెబుతుంటే మావారు నవ్వి, నీళ్ళలోంచి తీసిన మనుషుల్ని డాక్‌లో నేను చూశాను, వాళ్ళు మాట్లాడరు, ఊపిరితిత్తుల నిండా నీళ్ళు పెట్టుకుని అంత ఉపన్యాసం ఎలా ఇస్తాడు, అన్నారు. మా అత్తగారు కంచంలో చెయ్యి ఆపి, నీకు మనసు లేదురా, అని ఊరుకున్నారు.

మా ఇంటికి జాలరిపేట నుంచి చేపలు తెచ్చే ఒకామె ఉండేది. నాకంటే రెండు మూడేళ్ళు పెద్దదేమో. గంప దించగానే, ఏటి సిన్నమ్మగారూ, కానాగంతలు కావాలా నెత్తళ్ళు కావాలా అని ఆవిడ అడగడం, అర్థం కాక నేను వేలుపెట్టి చూపించడం, ఆవిడ నవ్వడం, ఇదీ మా స్నేహం. ఆ ఊళ్ళో నాతో నవ్విన మొదటి మనిషి ఆవిడే. ఆ సినిమా ఆడుతున్న రోజుల్లోనే ఆవిడ భర్త ఇంకొకతనితో కలిసి తెప్ప మీద వేటకి వెళ్ళి గాలికి చిక్కుకున్నాడు. రెండోవాణ్ణి భీమిలి వైపు ఎవరో ఒడ్డుకు చేర్చారు. ఇతను రాలేదు, శవమూ రాలేదు.

కొన్నాళ్ళకే ఆవిడ మళ్ళీ గంప ఎత్తుకుని వచ్చింది. బొట్టు, గాజులు అలాగే ఉన్నాయి. మా అత్తగారు గుమ్మంలోనే ఏడ్చేస్తే ఆవిడే ఓదార్చింది. "సముద్రం తీసుకున్నాదమ్మగారూ. మరి ఇవ్వదు. మాకు తెల్దేటి." శవం దొరకనివాడికి గడ్డితో మనిషిని కట్టి, వాడి చొక్కా తొడిగి దహనం చెయ్యాలని పెద్దలు నిర్ణయించారట, అమావాస్య వెళ్ళాక అని చెప్పింది, అప్పుడే గాజులూ తీస్తారని కూడా చెప్పింది. ఆ మాటలన్నీ చేపల బేరం చేస్తున్నంత మామూలుగా చెప్పింది. కంట్లో చుక్క లేదు.

అదే మా అత్తగారికి బెంగ పట్టుకుంది. ఏడవని దుఃఖం లోపల గడ్డకట్టి మనిషిని తినేస్తుందని ఆవిడ నమ్మకం, క్వార్టర్స్‌లో ఆడవాళ్ళందరి నమ్మకమూ అదే. దీన్ని ఎలాగైనా ఏడిపించాలని అరుగు మీద కూర్చుని ఆలోచనలు చేసి, చివరికి, అదిగో ఆ పడవవాడి సినిమాకి తీసుకెళ్దాం, అది చూసి ఏడవనిది రాయే, అన్నారు మా అత్తగారు. అప్పుడు మాకందరికీ అది వైద్యంలాగే అనిపించింది. మావారు ఒక్కరే, అమ్మా వద్దే, అన్నారు. మనసు లేనివాడి మాట ఎవరు వింటారు?

ఆడవాళ్ళ బెంచీల్లో ఆవిణ్ణి మా ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకున్నాం. మా అత్తగారు తెర చూడ్డం మానేసి ఆవిడ మొహమే చూస్తున్నారు. పడవవాడు ఒడ్డుకు కొట్టుకొచ్చాడు, కళ్ళు తెరిచాడు, మాట్లాడాడు, హాలంతా ముక్కులు చీదుతున్నారు. ఆవిడ మాత్రం ముందు బెంచీ పట్టుకుని, మెడ చాచి, ఒక్క మాటా పోకుండా విన్నది. అతను తల వాల్చేశాక నా చెవిలో మెల్లిగా అంది. "ఆడి ఒంటి మీద ఇసకే నేదు, సూసినావా సిన్నమ్మగారూ." ఏడవలేదే అని మా అత్తగారు దారంతా నిట్టూరుస్తూ వచ్చారు.

మర్నాడు ఆవిడ రాలేదు. తర్వాత కూడా రాలేదు. అమావాస్య వెళ్ళాక పేట నుంచి ఇంకొకామె చేపలు తెచ్చి సంగతి చెప్పింది. గడ్డి మనిషిని కట్టనివ్వడం లేదట, గాజులు తియ్యనివ్వడం లేదట, పొద్దస్తమానం ఒడ్డునే కూర్చుంటోందట. మా అత్తగారు నన్ను వెంటబెట్టుకుని అప్పటికప్పుడు జాలరిపేట వెళ్ళారు. ఆవిడ ఇసుకలో కాళ్ళు బారజాపి కూర్చుని ఉంది, గంప పక్కన బోర్లించి ఉంది. మా అత్తగారు ఆవిడ ముందు కూలబడి, అదంతా వేషమే తల్లీ, ఆ హీరో బాగానే ఉన్నాడు, వచ్చేవారం ఇంకో సినిమాలో కనబడతాడు, అలా ఎవరూ రారే, అని చేతులు పట్టుకున్నారు.

"నాకు తెల్దా అమ్మగారూ," అంది ఆవిడ. "నాను పుట్టింది ఈ ఒడ్డునే గదా. అది ఉత్తుత్తిదే. మరి ఆడికి మాటాడ్డానికి టైం ఇచ్చినారు గదా." అలల వంక చూస్తూ మళ్ళీ అంది. "నాను గంపెత్తుకుని మీ వీదుల్లో తిరుగుతున్నప్పుడు మావోడొస్తే, ఎవుల ఒళ్ళో తలెడతాడు?"

అప్పుడు మాత్రం ఏడ్చింది. మేం కోరుకున్న ఏడుపే అది. దానివల్ల ఏమీ తేలిక కాలేదు.

చివరికి వాళ్ళవాళ్ళు ఆవిడ లేకుండానే గడ్డి మనిషిని తగలబెట్టారు. గాజులు తియ్యలేదు కాబట్టి పేటలో ఆవిణ్ణి విధవ అనీ అనలేదు, ముత్తయిదువనీ పేరంటానికి పిలవలేదు. వాడుక ఇళ్ళన్నీ వేరేవాళ్ళకి పోయాయి. స్టీలు ప్లాంటు పనులు మొదలై ఊరు రెండింతలయ్యాక కూడా, మేం పిల్లల్ని తీసుకుని బీచికి వెళ్ళినప్పుడు ఆవిడ అక్కడే కనబడేది. ముందు నన్ను గుర్తుపట్టేది. తర్వాత తర్వాత గుర్తుపట్టడం మానేసింది. ఒక ఏడాది వెళ్తే కనబడలేదు, అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేదు. మా అత్తగారు ఆ తర్వాత పోయేదాకా సినిమా హాలు గడప తొక్కలేదు. నేను పొరపాటున ఏడుపు అన్న మాట ఎత్తినా లేచి లోపలికి వెళ్ళిపోయేవారు.

మావారు పోయి ఏడాది కావస్తోంది. ఆస్పత్రిలో అద్దాల గదిలో పెట్టారు, నోట్లో గొట్టం వేశారు. నన్ను లోపలికి వదిలినప్పుడు ఆయన నన్ను చూసి చెయ్యి కొంచెం లేపారు, గొట్టం చుట్టూ పెదవులు కదిలాయి. నేను వంగాను. టైమైపోయిందమ్మా అని నర్సు నన్ను బయటికి పంపించింది. మళ్ళీ ఆయన్ని చూసేసరికి గుడ్డలో కట్టేసి ఉన్నారు. ఏదైనా చెప్పబోయారో, గొంతు ఎండి నీళ్ళడిగారో నాకు తెలియదు. ఎవరినీ అడగడానికి కూడా లేదు.

ఇప్పుడు తెప్పలు పోయి మోటారు బోట్లు వచ్చాయి, గాలి సంగతి ముందే ఫోన్లో తెలుస్తోంది, ఆ హాలు పడగొట్టి బట్టల షాపు కట్టారు. సినిమాల్లో కూడా మనుషులు టక్కున చచ్చిపోతున్నారు, ఒక గుండు దెబ్బ, అంతే, ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పుకోరు. మావారు చూస్తే, ఇదీ నమ్మేట్టుగా ఉండడమంటే, అనేవారేమో.

మనవడు నవ్వి నవ్వి చానల్ మార్చబోయాడు. నేను రిమోట్ ఇవ్వలేదు. ఆ కత్తి దిగినవాడు చెల్లెలికి చెప్పాల్సింది చెప్పి, అమ్మకి చెప్పాల్సింది చెప్పి, ఇంకా ఎవరెవరికో ఏవేవో చెబుతూనే ఉన్నాడు. అతను తల వాల్చేదాకా కదలకుండా కూర్చున్నాను.