తాగినోళ్ల కేసుల్లో మా జడ్జయ్య

జడ్జయ్య పోయినాడంట. పొద్దున నంద్యాల బస్సు దిగినోళ్లు ఆళ్లగడ్డ బస్టాండులో చెప్పినారు. రిటైరైనాక ఆయన నంద్యాలలోనే ఉండె. ఏడుపు రావల్సింది పోయి నాకు ఒళ్లు మండింది. ఆయన మింద నా కోపం ఇంకా తీరనే లేదు, అప్పుడే ఏం తొందరొచ్చిందప్పా?

డెబ్బైల్లో ఆయన ఆళ్లగడ్డ కోర్టులో మెజిస్ట్రేటు. తాగి బండి తోలినోడు తప్పు ఒప్పుకుంటే ఎవురైనా జరిమానా రాసి పంపిస్తారు. ఈయన కళ్లద్దాలు తుడుచుకుంటా కూర్చుంటాడు. "జరిమానా వానికేస్తే కట్టేది పెండ్లాము. శిక్ష ఎవరి మింద పడ్తాదో చూసుకోవద్దా?" అంటాడు. చూసుకో నాయనా, ఎవరొద్దన్నారు? దానికి ఇన్ని వాయిదాలా? దెబ్బ తగిలినోళ్లు వచ్చి మాట్లాడిందాకా శిక్ష చెప్పడు. ప్లీడర్లు తల పట్టుకునేటోళ్లు.

మా ఆయన అహోబిలం జీపు తోల్తాండె. ఒకరోజు తాగి జీపును వాగు వంకలోకి దించినాడు. జీపులో ఉన్న అవుకు ఊరి ముసలమ్మకు చెయ్యి విరిగింది. మా ఆయన జైలుకు పోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు. ప్లీడరు చెప్పినట్ల చంటిబిడ్డనెత్తుకోని కోర్టులో నిలబడితి. జడ్జయ్య ఆ ముసలమ్మను పిలిపించినాడు. ఆయమ్మ బంగారు తల్లి, "వదిలెయ్ సామీ, బిడ్డలు గలోడు" అనింది. నాకు పానం లేచొచ్చింది.

అంతటితో ఊరుకోవచ్చు గదా! "అవ్వా, రేపు మళ్లా ఈయప్ప జీపు ఎక్కుతావా?" అని అడిగె. ఆయమ్మ తల దించుకునె. అప్పుడు నా తట్టు తిరిగి, "నువ్వు ఎక్కుతావా తల్లీ, ఆ బిడ్డతో?" అనె.

ఎక్కుతానని నోటిదాకా వచ్చింది. బిడ్డ మొహం చూస్తే మాట రాలే. జైలేసినాడు, లైసెన్సూ పట్టుకున్నాడు. ఆ నెలలంతా శెనక్కాయలు ఒలిచి బిడ్డలను సాకితి. కాయకో తిట్టు తిట్టితి జడ్జయ్యను.

శానా ఏండ్లకు నంద్యాలలో కనపడితే నిలేసినా. "నన్నే సాక్షిని చేసి నా మొగునికి జైలేస్తివే సామీ, ఇది న్యాయమేనా?"

"నాకూ తెలీదమ్మా. వేసినాక నిద్ర పట్టలే" అనె.

ఇంతా చేసి తెలీదంట! కానీ కుర్చీలో కూర్చున్న పెద్దమనుషుల్లో ఆ మాట ఒప్పుకున్నోడు ఆయనొక్కడే నాకు కనపడింది. అందుకే సావుకు పోవాలనిపించింది.

మధ్యాన్నం మా ఆయన జీపు తెచ్చి వాకిట్లో నిలిపినాడు. కిందికి దిగి, నేనేమీ అడక్కముందే, నా మొహం ముందర నోరు తెరిచి "హా" అని ఊదినాడు. జైలు నుంచి వచ్చిన కాణ్ణుంచి ఇదే వరస. బీడీ కంపు తప్ప ఏమీ లేదు. ఆనాడు కోర్టులో ఎత్తుకున్న కూతురిని ముందెక్కించి, వెనకాల నేనెక్కినా.