పాము తోక కాడి కథ

మొన్న మా మండల విద్యాధికారి, అదే ఎంఈఓ గారి ముందర నా పరువు పోయింది. తీసింది మొద్దుపిల్లలు కాదప్పా, ఎక్కాలు కంఠతా వచ్చిన పిల్లలు.

అంతకుముందు చిత్తూరులో మాకు ట్రైనింగు ఇచ్చినారు. ఆటలతో చదువెట్లా చెప్పాలో, పొద్దున్నించీ సాయంత్రం దాకా మమ్మల్ని కదలనీకుండా బెంచీల మీద కూచోబెట్టి చెప్పినారు. నేనేమో దాన్ని నమ్మి, పూతలపట్టు దగ్గర మా పల్లె బడికి తిరిగొచ్చి, తరగతి గది నేలంతా సుద్దముక్కతో పెద్ద వైకుంఠపాళి గీసినాను. చింతగింజలే పాచికలు, పిల్లలే కాయలు. పాము నోట్లో పడినోళ్లని ఒక ఎక్కం అడుగుతా. సరిగ్గా చెప్తే పాము మింగదు. తప్పు చెప్తే తోక కాడికి జారాల్సిందే.

మొదటిరోజు జారిన పిల్ల ఒకటే ఏడుపు. నాకు మనసొప్పక, పక్కన కూచోబెట్టుకుని ఒక కథ చెప్పినాను. అప్పట్నించీ అదే వాడుకైపోయింది. జారినోళ్లకి ఓదార్పుగా కథ. బడి ఎగ్గొట్టేవాళ్లు కూడా గంట కొట్టకముందే వచ్చి కూచుంటా ఉండారు. ఆహా, ఏం ఆట కనిపెట్టినాను అని నన్ను నేనే మెచ్చుకున్నా.

ఎంఈఓ గారు చూడ్డానికి వచ్చినారు. "బాగుంటే మండలంలో అయ్యవార్లందర్నీ పిలిపించి మీ బడే చూపిస్తాం" అన్నారు. నేను ధీమాగా రేవతిని పిలిచినాను. నిద్రలో లేపినా పదహారో ఎక్కం అప్పజెప్పే పిల్ల. గింజలేసింది, పాము నోట్లో పడింది.

"ఏడెనిమిదులు ఎంతమ్మా?"

"నలభై సార్." నేను నోరు తెరిచేలోపలే తోక కాడికి నడిచిపోయి, కాళ్లు మడుచుకుని కూచునింది.

దాని వెనకొచ్చినోడు రెండు మూళ్లు పదన్నాడు. ఆ తర్వాతది వాణ్ణి మించింది. కాసేపటికి బడంతా పాము తోక కాడే ఉండాది.

"ఏమప్పా, రెండో ఎక్కం కూడా రాదే వీళ్లకి?" అన్నారు ఎంఈఓ గారు.

రేవతికి రోషం వచ్చేసింది. "యాభై ఆరు సార్. మాకన్నీ వస్తాయి. సరిగ్గా చెప్తే మా సారు కథ చెప్పరు. నిన్న నక్క ఉచ్చులో ఇరుక్కున్న కాడ బెల్లు కొట్టేసినారు."

ఎంఈఓ గారు నన్ను చూసినారు, నేల మీద గీతల్ని చూసినారు. "ఇంతకీ ఆ నక్క తప్పించుకునిందా?" అన్నారు.

"ఊరికే చెప్పరు సార్," అనింది రేవతి. "మీరూ ఒక తప్పు చెప్పాల."

మా బడిని ఎవరికీ చూపించలేదు. నన్ను మాత్రం మళ్లీ అదే ట్రైనింగుకి పంపినారు. అవే బెంచీలు, అదే ఉపన్యాసం. మధ్యాహ్నం నిద్ర ముంచుకొస్తా ఉంటే, నన్నడిగిన ప్రశ్నకి కావాలనే తప్పు చెప్పి చూసినాను.

ఒక్కరూ కథ చెప్పలేదు.